ఏ రిజిస్ట్రేషను, మాస్టారూ?

ప్రశ్న: నేను రిటైరైన హెడ్మాస్టర్ని. ఖమ్మంలో ఉంటున్నాం. మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. హైదరాబాదులో కొల్లూరు వైపు ఐదెకరాల్లో మూడు టవర్లు వస్తున్నాయని మా తోడల్లుడి కొడుకు చెప్పాడు. 1,500 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాటు. ఇప్పుడైతే ఎస్‌ఎఫ్‌టీ 4,200, లాంచ్ అయ్యాక 6,500 అట. మొత్తం రెండు నెలల్లో కట్టేయాలి. కట్టగానే యూడీఎస్ (భూమిలో విడదీయని వాటా) రిజిస్ట్రేషన్ చేసిస్తారు, నాలుగేళ్లలో తాళాలిస్తారు. "కంపెనీ రిజిస్టర్డు, జీఎస్టీ రిజిస్టర్డు, ఆర్కిటెక్టు రిజిస్టర్డు, భూమి మీ పేరున రిజిస్టర్ అవుతుంది, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) అప్లై చేశారు. ఇంకా అనుమానమేంటి పెదనాన్నా?" అంటున్నాడు. 2 లక్షలు టోకెన్ ఇచ్చాను. మిగతా డబ్బు కట్టమంటారా? బ్రోచరు, రసీదు ఫోటోలు పంపుతున్నాను. ఇంకో మాట. తెనాలిలో మా తమ్ముడు 400 గజాల్లో ఐదు ఫ్లాట్లు కడదామనుకుంటున్నాడు. వాడికీ రెరా కావాలా?

సమాధానం: కట్టకండి మాస్టారూ. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత కారణాల్లోకి వెళ్తాను, ఎందుకంటే మీ రెండు నెలల గడువులో ఇప్పటికే కొన్ని రోజులు గడిచిపోయాయి.

మీ తోడల్లుడి కొడుకు అబద్ధం చెప్పాడని నేననను. అతను చెప్పిన రిజిస్ట్రేషన్లలో చాలావరకు నిజంగానే ఉండి ఉంటాయి. తంటా అంతా ఆ మాటతోనే వచ్చింది. మనవాళ్లకి రిజిస్ట్రేషన్ అనగానే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు, సాక్షి సంతకాలు, వేలిముద్ర, బయట స్వీటు ప్యాకెట్టు గుర్తొస్తాయి. ఆ ఒక్క మాట చెవిన పడితే సగం భయం పోతుంది. కట్టడాల వ్యాపారంలో రిజిస్ట్రేషన్ అనే కౌంటర్లు అరడజను ఉన్నాయి. ఒక్కో కౌంటరు ఒక్కో సంగతికి. ఒకచోట తీసుకున్న చీటీ ఇంకోచోట చెల్లదు. కాబట్టి ఎవరు ఆ మాటన్నా మీరు క్లాసులో పిల్లాణ్ణి అడిగినట్టు అడగాలి: ఏ రిజిస్ట్రేషను, దేనికి, ఎవరి దగ్గర?

మీరు పంపిన బ్రోచరే చూద్దాం. ఆఖరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో మూడు సంగతులున్నాయి. జీఎస్టీ నంబరు ఉంది. 36తో మొదలైంది, అంటే తెలంగాణలో తీసుకున్నది. పన్ను కడతానని వ్యాపారి తీసుకునే నంబరది. కిరాణా హోల్‌సేలు కొట్టుకీ ఉంటుంది. ఇల్లు కట్టగలడా, కడతాడా అన్నదానితో దానికి సంబంధం లేదు. పక్కన ఐఎస్‌ఓ ముద్ర, దాని గురించి మాట్లాడి మన సమయం పాడుచేసుకోవద్దు. మూడోది కంపెనీ పేరు.

ఆ పేరు దగ్గర నాకు కాలు ఆగింది. బ్రోచరు మీద ఒక ఇన్‌ఫ్రా కంపెనీ ఉంది. మీ రసీదు మీద స్టాంపు వేరే ఎల్‌ఎల్‌పీది. మీరు గమనించారో లేదో. పేర్లు ఇక్కడ రాయను గానీ, ఆ ఎల్‌ఎల్‌పీ పేరుని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో వెతికాను. ఎవరైనా చూడొచ్చు. స్థాపించిన తేదీ, భాగస్వాములు ఎందరు, వాళ్లు పెట్టిన మూలధనం ఎంత, అన్నీ కనిపిస్తాయి. మీ ఎల్‌ఎల్‌పీ పుట్టి ఎనిమిది నెలలైంది. ఇద్దరు భాగస్వాములు. మూలధనం లక్ష రూపాయలు. బ్రోచరు మొదటి పేజీలో మాత్రం "ఇరవై ఏళ్ల నమ్మకం" అని బంగారు రంగులో ఉంది. ఆ ఇరవై ఏళ్లు ఇన్‌ఫ్రా కంపెనీవేమో, మీ 2 లక్షలు వెళ్లింది ఎనిమిది నెలల పసిబిడ్డ ఖాతాలోకి. ప్రాజెక్టుకో ఎల్‌ఎల్‌పీ పెట్టుకోవడం ఈ వ్యాపారంలో మామూలే, తప్పేమీ కాదు. అయితే రేపు గొడవొస్తే మీరు నిలదీయగలిగేది రసీదు ఇచ్చినవాణ్ణి. ఎల్‌ఎల్‌పీ అంటేనే భాగస్వాముల బాధ్యతకి ఒక హద్దు గీసిన సంస్థ. కంపెనీ రిజిస్ట్రేషన్ అంటే ఆ పేరుతో ఒక సంస్థ ఉందని చెప్పే పుట్టిన సర్టిఫికెట్టు. బిడ్డ పెద్దయ్యాక ఏం చేస్తాడో దాంట్లో రాసి ఉండదు.

ఇలాంటిదే ఇంకోటి ఉంది, మీ బ్రోచరులో లేదు గానీ ఊళ్లలో బోర్డుల మీద కనిపిస్తుంది: "క్లాస్ వన్ కాంట్రాక్టర్", "స్పెషల్ క్లాస్ కాంట్రాక్టర్". అది ప్రభుత్వ పనులకి టెండరు వేయడానికి ఆయా శాఖలు ఇచ్చే తరగతి. రోడ్డో కాలవో తవ్వినవాడికి అపార్టుమెంటు అమ్మే హక్కు దానివల్ల రాదు.

ఇక అసలు కౌంటరు దగ్గరికొద్దాం. కంపెనీని కాకుండా ప్రాజెక్టుని నమోదు చేసే కౌంటరు దేశంలో ఒక్కటే, రెరా. 2016లో పార్లమెంటు చేసిన చట్టం, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకొచ్చింది. అందులో మూడో సెక్షను మీకు కావాల్సింది. ప్రాజెక్టుని రెరాలో నమోదు చేయకుండా ప్రకటించకూడదు, మార్కెటింగ్ చేయకూడదు, బుక్ చేసుకోకూడదు, అమ్మకూడదు, అమ్ముతామని చెప్పకూడదు, కొనమని పిలవకూడదు. డాలస్‌లో హోటల్ హాలు తీసుకుని సమోసా, టీ పెట్టి ప్రాపర్టీ షో చేసినా "కొనమని పిలవడమే" అవుతుంది. మీ అబ్బాయికీ అలాంటి ఆహ్వానాలు వచ్చే ఉంటాయి.

"రెరా అప్లై చేశాం" అన్నమాటకి చట్టంలో విలువ సున్నా. నంబరు వచ్చాకే అమ్మాలి. దరఖాస్తు పద్ధతిగా ఉంటే రెరా 30 రోజుల్లో ఇవ్వడమో, కారణం చెప్పి తిప్పి పంపడమో చేయాలి. కాబట్టి నిజంగా అప్లై చేసినవాడికి నెలా, రెండు నెలలు ఆగడం పెద్ద కష్టం కాదు. మీ బ్రోచరులో ఇంకో తమాషా ఉంది చూడండి. "హెచ్‌ఎండీఏ అప్లైడ్, రెరా అప్లైడ్" అని పక్కపక్కనే వేశారు. హెచ్‌ఎండీఏ అంటే ప్లాన్లు మంజూరు చేసే హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ. రెరా దరఖాస్తుతో పాటు ప్లాన్ మంజూరు కాగితాల కాపీలు పెట్టాలి. హెచ్‌ఎండీఏ ఇంకా మంజూరు చేయని ప్లానుకి రెరాలో ఏం పెట్టి అప్లై చేశారు? హాల్‌టికెట్టు రాకముందే పరీక్ష రాసి వచ్చానన్నట్టుంది. ఎంతమంది పిల్లలు మీ దగ్గర ఇలాంటి కబుర్లు చెప్పి ఉంటారు మాస్టారూ!

ఈ నంబరు కోసం ఇంత పట్టుబట్టడానికి కారణం డబ్బు. నమోదైన ప్రాజెక్టులో కొనేవాళ్ల దగ్గర తీసుకునే ప్రతి వంద రూపాయల్లో 70 వేరే బ్యాంకు ఖాతాలో వేయాలి. అది ఆ భూమికి, ఆ కట్టడానికే ఖర్చు పెట్టాలి. తీయాలన్నా పని ఎంత అయితే అంతే తీయాలి. అంత పని అయిందని ఒక ఇంజనీరు, ఒక ఆర్కిటెక్టు, ఒక చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏడాదికోసారి ఆడిట్. మీరిచ్చే 63 లక్షలు ప్రీలాంచ్ డబ్బు, ఆ ఖాతా ఇంకా పుట్టనే లేదు. కాబట్టి ఎక్కడికైనా వెళ్లొచ్చు. బిల్డరు ఇంకోచోట ఆగిపోయిన పాత టవరుకి వెళ్లొచ్చు, కొత్త భూమికి బయానా అవ్వొచ్చు, ఎన్నికల ఖర్చూ అవ్వొచ్చు.

ఇప్పుడు ఆ తగ్గింపు సంగతి. మీరు లెక్కల మాస్టారో కాదో రాయలేదు, నేనే వేస్తాను. 1,500 ఎస్‌ఎఫ్‌టీకి 4,200 చొప్పున 63 లక్షలు. 6,500 చొప్పున 97.5 లక్షలు. తేడా 34.5 లక్షలు. వినడానికి లాటరీలా ఉంది. కానీ 63 లక్షలు నాలుగేళ్లలో 97.5 అవడమంటే ఏడాదికి చక్రవడ్డీ లెక్కన సుమారు 11.5 శాతం. అంతే. పైగా 6,500 అనే ధర కూడా వాళ్లు చెప్పిందే. నాలుగేళ్లన్నది ఆరేళ్లయితే, ఈ నగరంలో అదేమీ వింత కాదు, అదే తగ్గింపు ఏడాదికి 7.5 శాతానికి దిగుతుంది. అంతకి కాస్త అటూ ఇటూగా మీకు పోస్టాఫీసులోనే వస్తుంది, రాత్రి నిద్ర కూడా పడుతుంది. బిల్డరు మీకు ఫ్లాటు చవగ్గా ఇవ్వడం లేదు, మీ దగ్గర తాకట్టు లేకుండా అప్పు తీసుకుంటున్నాడు. బ్యాంకు అతనికి ఈ దశలో ఇవ్వదు. మీకూ ఈ దశలో హోమ్‌లోన్ ఇవ్వదు. అందుకే "మొత్తం ఒకేసారి" అంటున్నారు. బ్యాంకు లీగల్ ఆఫీసరు కాగితాలు చూసి దూరం జరిగిన చోట, ఫీజు పుచ్చుకోకుండా మనం ముందుకెళ్లడం దేనికి?

మీకు ఎక్కువ ధైర్యమిచ్చింది యూడీఎస్ రిజిస్ట్రేషన్ అనుకుంటాను. భూమి మన పేరున పడ్డాక భయమేంటని చాలామంది అనుకుంటారు. అది విడదీయని వాటా. ఐదెకరాల్లో మీకు అరవయ్యో డెబ్భయ్యో గజాలు, ఎక్కడున్నాయో ఎవరూ గీత గీసి చూపించలేరు. మీతోపాటు మూడు, నాలుగు వందల మంది అదే భూమికి యజమానులు. టవరు లేవకపోతే ఆ వాటాని ఏం చేస్తారు? కంచె వేసుకోలేరు, మిరప తోట పెట్టుకోలేరు. అమ్ముదామన్నా, ఇంకో బిల్డరుకి ఇద్దామన్నా ఆ నాలుగు వందల మంది సంతకాలు కావాలి. వాళ్లలో సగం మంది అమెరికాలో, పదిమంది ఆస్ట్రేలియాలో, ఇద్దరు కాలం చేసి వారసులు కొట్లాటలో ఉంటారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. సబ్‌రిజిస్ట్రార్ దగ్గర నమోదయ్యేది కాగితం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద ఆయన దస్తావేజుని నమోదు చేస్తాడు, అమ్మినవాడికి అసలు హక్కుందో లేదో ఆ నమోదుతో తేలిపోదు. స్టాంపు పడింది కదా అని టైటిల్ శుభ్రమైపోదు.

ఆర్కిటెక్టు రిజిస్టర్డు అన్నారు కదా, ఇక్కడ కొంచెం ఆగుతాను. నేను సివిల్ ఇంజనీర్ని, ఇది నా సొంత వృత్తికి పక్కింటి వ్యవహారం. ఆర్కిటెక్టు అని పేరు పక్కన వేసుకోవాలంటే 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు ఉండాలి. ఆ నంబరు "సీఏ" అనే అక్షరాలతో మొదలై, తర్వాత సంవత్సరం ఉంటుంది. కౌన్సిల్ సైట్లో పేరు కొట్టి చూసుకోవచ్చు. అయితే ఆ చట్టం కాపాడేది ఆ బిరుదునే. నమోదు లేనివాళ్లు ఆ పేరు పెట్టుకోకూడదంటుంది గానీ, ఆ పని చేయకూడదనదు. 2020లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. చార్టర్డ్ అకౌంటెంట్ల విషయం ఇంకా గట్టిది. వాళ్లు ఇచ్చే ప్రతి సర్టిఫికెట్టు మీదా అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే యూడీఐఎన్ అనే నంబరుండాలి. అది ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు, దొంగ సంతకమైతే అక్కడే బయటపడుతుంది.

సివిల్ ఇంజనీర్ల దగ్గరికొస్తే కథ మారుతుంది. డాక్టరుకి మెడికల్ కౌన్సిలుంది, లాయరుకి బార్ కౌన్సిలుంది. మాకు దేశమంతటికీ వర్తించే అలాంటి నమోదు చట్టం ఈనాటికీ లేదు. మునిసిపాలిటీలు, పట్టణాభివృద్ధి సంస్థలు ఇచ్చే లైసెన్సులే మాకు దిక్కు. లైసెన్సుతో పాటు ఒక రబ్బరు స్టాంపు. ఆ స్టాంపు కథ చెప్తాను, సిగ్గుగానే.

పదిహేనేళ్ల కిందట నాకు ఒక మునిసిపాలిటీలో లైసెన్సుండేది. మునిసిపల్ ఆఫీసు ఎదురుగా ప్లాన్లు గీసే షాపులుంటాయి కదా, అందులో ఒకదాంట్లో నా స్టాంపు వదిలేసి వెళ్లేవాణ్ణి. వాళ్లు ప్లాను గీయడం, నేను వారానికోసారి వచ్చి కట్టగా సంతకాలు పెట్టడం. ప్లానుకింత అని ఇచ్చేవాళ్లు. నెలకి పదీ పదిహేను ప్లాన్లు. ఒకరోజు మునిసిపాలిటీ నుంచి నోటీసొచ్చింది. జీ ప్లస్ టూకి పర్మిషన్ తీసుకుని నాలుగో అంతస్తు లేపారు, పర్యవేక్షణ బాధ్యత మీదని సంతకం ఉంది, సంజాయిషీ ఇవ్వండని. ఆ వీధి ఎక్కడుందో నాకు తెలియదు. అడుక్కుంటూ వెళ్లాను. కింద పార్కింగులో ఒక స్తంభం మొదలు దగ్గర కాంక్రీటు తేనెపట్టులా గుల్లలు గుల్లలుగా ఉంది, చువ్వ కనపడుతోంది. మేస్త్రీ నన్ను చూసి "ఎవరు కావాలి సార్?" అన్నాడు. ఆ బిల్డింగుకి ఇంజనీర్ని నేనే, కాగితం ప్రకారం. ఆ సాయంత్రం వెళ్లి స్టాంపు తెచ్చేసుకున్నాను. నోటీసుకి జవాబు రాయడానికి మాత్రం మూడు రోజులు పట్టింది. రాయడానికి నా దగ్గర ఏమీ లేక.

అందుకని ఏ ప్రాజెక్టులోనైనా ఇంజనీరు పేరు కనపడితే లైసెన్సుందా అని అడిగి ఊరుకోకండి. ఫోన్ చేసి, "ఈ సైటుకి ఆఖరిసారి ఎప్పుడెళ్లారు సార్?" అని అడగండి. సమాధానం కన్నా ముందు వచ్చే మౌనం మీకు చాలా చెప్తుంది.

రెరా నంబరు వచ్చిందనుకోండి, అప్పుడు ఏం చూడాలో చెప్తాను. తెలంగాణలో ప్రాజెక్టు నంబరు పి అక్షరంతో మొదలవుతుంది, ఏజెంటుది ఏ అక్షరంతో. ఒక్కోసారి ఏజెంటు నంబరునే ప్రాజెక్టు నంబరన్నట్టు బ్రోచరు మీద వేస్తారు, మొదటి అక్షరం చూడండి. ఫ్లెక్సీ మీద నంబరు చూసి ఊరుకోకుండా తెలంగాణ రెరా సైట్లో అది కొట్టండి. డాలస్‌లో ఉన్న అబ్బాయి రాత్రి భోజనం చేసి కూర్చుని చేసే పని. అక్కడ మొదట చూడాల్సింది పూర్తి చేస్తానని బిల్డరు రాసిచ్చిన తేదీ. ఏజెంటు మీకు 2029 అంటాడు, అక్కడ 2031 డిసెంబరు ఉంటుంది. చట్టం ముందు నిలిచేది అక్కడున్నదే. తర్వాత మీ ఫ్లాటు నంబరు మంజూరైన ప్లానులో ఉందా, దాని కార్పెట్ ఏరియా ఎంత అని చూడండి. 1,500 అని వాళ్లు చెప్పేది సూపర్ బిల్టప్, గోడల మధ్య మీరు చాప పరుచుకోగలిగేది అంతకన్నా బాగా తక్కువ. ఆ బిల్డరు గత ఐదేళ్లలో కట్టినవి, ఆలస్యమైనవి, కేసులున్నవి కూడా దరఖాస్తులో చెప్పాలి. ఏమీ లేవని రాసి ఉంటే, ఇరవై ఏళ్ల నమ్మకం ఎక్కడ పోయిందో అడగండి.

భూమి ఎవరిదో కూడా చూడండి. మన దగ్గర ఎక్కువగా రైతు భూమి ఇస్తాడు, బిల్డరు కడతాడు, డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రాసుకుని ఫ్లాట్లు పంచుకుంటారు. మీకు అమ్ముతున్న ఫ్లాటు ఎవరి వాటాలోదో తేల్చుకోవాలి. కట్టేవాడు ఒకడు, అమ్మేవాడు ఒకడు అయినా రెరా కంట ఇద్దరూ ప్రమోటర్లే, బాధ్యత ఇద్దరిదీ. ఇంకో చిక్కు. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టడంలో పదో వంతు ఏరియాని హెచ్‌ఎండీఏ లాంటి సంస్థ తన దగ్గర మార్ట్‌గేజ్ పెట్టుకుంటుంది, ప్లాను దాటి కట్టరని హామీగా. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే వదులుతుంది. ఆ ఫ్లాట్లు కూడా కింది అంతస్తుల్లో చక్కగా, పెద్దవాళ్లకి అనువుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులని ఒకటో అంతస్తు అడిగే మీలాంటి వాళ్లకే అవి అంటగడతారు.

రెరా నంబరుంటే ఇక చింత లేదని కూడా నేను చెప్పను. బిల్డరు రాసిచ్చిన దాన్నీ, పెట్టిన కాగితాల్నీ బట్టే రెరా నమోదు చేస్తుంది. టైటిలు తిరుగులేనిదని మీకు పూచీ ఇవ్వదు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీల, తాకట్ల పట్టిక), పాసుబుక్కు, నాలా మార్పిడి (సాగు భూమిని వేరే అవసరాలకి మార్చిన అనుమతి) ఇవన్నీ మీ సొంత లాయరు చూడాల్సిందే, బిల్డరు చెప్పిన లాయరు కాదు. మీ బ్రోచరులో "లేక్ వ్యూ" అని ఉంది. చెరువు ఎంత బాగా కనిపిస్తుందో తర్వాత, ఎంత దూరంలో ఉందో ముందు చూడండి. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫరు వదలాలి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఆ మీటర్ల విలువ జనానికి తెలిసింది.

ఇక మీ 2 లక్షలు. నమోదు లేని ప్రాజెక్టుకి బుకింగ్ తీసుకోవడమే తప్పు కాబట్టి మీ చేతిలో బలముంది. మీ రసీదులో ఫ్లాటు నంబరు లేదు, "ఎ టవర్, ఈస్ట్ ఫేసింగ్" అని మాత్రం ఉంది. అదీ మనకి సాక్ష్యమే, ఎందుకంటే టవరు పేరు రాసి తీసుకున్న డబ్బుని రేపు చేబదులు అనలేరు. బ్రోచరు పీడీఎఫ్, వాట్సాప్ మాటలు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ వివరం అన్నీ అబ్బాయికి కూడా పంపి ఉంచండి. తర్వాత ఆ ఎల్‌ఎల్‌పీ అడ్రసుకి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం రాయండి. కోపం అక్కర్లేదు. ఫలానా తేదీన ఇంత కట్టాను, ప్రాజెక్టుకి రెరా నమోదు లేదని తెలిసింది, 15 రోజుల్లో డబ్బు వాపసు చేయండి, లేకపోతే రెరాకి ఫిర్యాదు చేస్తాను అని నాలుగు వాక్యాలు. చాలామంది ఈ ఉత్తరం అందగానే ఇచ్చేస్తారు. నమోదు లేకుండా అమ్మినవాడికి ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా పడొచ్చు, ఐదెకరాల ప్రాజెక్టుకి అది ఎన్ని కోట్లో వాళ్లకి తెలుసు. మీ 2 లక్షల కోసం ఆ తలుపు తెరుచుకోనివ్వరు.

ఇవ్వకపోతే రెరాలో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. నమోదు కాని ప్రాజెక్టు మీదా తీసుకుంటారు. వినియోగదారుల కమిషన్‌కైనా వెళ్లొచ్చు. రెరాలో గెలిచాక డబ్బు చేతికి రావడం మాత్రం ఇంకో ప్రయాణం. బిల్డరు కట్టకపోతే భూమిశిస్తు బకాయిలా రాబట్టాలని చట్టంలో ఉంది. ఆ ఫైలు కలెక్టరాఫీసుకి వెళ్లాక దాని నడక మీకు నేను చెప్పాలా, ముప్ఫై ఏళ్లు ప్రభుత్వ బళ్లో పనిచేశారు. 2 లక్షల కోసం ఆ దారిన నడవొచ్చు. 63 లక్షల కోసం నడవాల్సి వచ్చేలా చేసుకోకండి.

కుర్రాడి సంగతి. చుట్టరికం కదా, కాదంటే ఏమనుకుంటారోనని మీకు ఉంటుంది. అతనితో గొడవ పెట్టుకోకండి. కూర్చోబెట్టి ఇలా చెప్పండి: "నాయనా, కమిషన్ తీసుకుని ఫ్లాట్లు చూపించేవాళ్లు కూడా రెరాలో నమోదు చేసుకోవాలంట. నమోదు చేసుకున్నా, నంబరు రాని ప్రాజెక్టు అమ్మించకూడదంట. తేడా వస్తే రోజుకి 10,000 రూపాయల జరిమానా నీ మీద కూడా పడుతుందంట. నంబరు వచ్చినరోజు నాకు ఫోన్ చెయ్, మొదట వచ్చేది నేనే." ఇది బెదిరింపు కాదు, అతనికి నిజంగా తెలియాల్సిన సంగతే. ఇలాంటి కుర్రాళ్లని చాలామందిని చూశాను. పాతికమంది బంధువుల డబ్బు కట్టించి, ఆఫీసు మూతపడ్డాక పెళ్లిళ్లకి కూడా రాలేక తిరుగుతున్నారు.

ఒకవేళ నంబరు వచ్చి, కాగితాలన్నీ బాగుండి, మీకు ఫ్లాటు నచ్చి కొంటే, ధరలో పదో వంతుకి మించి ఇచ్చేముందు అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రాయించి రిజిస్టర్ చేయించండి. ఖర్చవుతుందని చాలామంది మానేస్తారు. చెక్కు ఆ ప్రాజెక్టు ఖాతా పేరునే రాయండి. ధర 6,500 అయినా, 6,000 అయినా, అప్పుడు బ్యాంకు లోను కూడా వస్తుంది, పని సాగేకొద్దీ కట్టుకోవచ్చు.

తెనాలి తమ్ముడికి రెరా అక్కర్లేదు. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోతే, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోతే చట్టంలో మినహాయింపుంది. 400 గజాలంటే సుమారు 334 చదరపు మీటర్లు, ఫ్లాట్లు ఐదే. మునిసిపాలిటీ ప్లాను మాత్రం తప్పదు, దానికి ఎల్‌టీపీ (ప్లాన్లకి లైసెన్సున్న టెక్నికల్ మనిషి) దగ్గరికి వెళ్లాలి. ఆ ఎల్‌టీపీతోనే అన్నీ అయిపోతాయనుకోవద్దని చెప్పండి. ప్లాను మంజూరు చేయించేవాడు వేరు, స్లాబు పోసేరోజు పొద్దున ఆరింటికి వచ్చి చువ్వలు లెక్కపెట్టేవాడు వేరు. రెండోవాడికి విడిగా ఫీజు మాట్లాడుకోమనండి. ఐదు ఫ్లాట్ల మీద అది పెద్ద ఖర్చేమీ కాదు. కొనేవాళ్లకి మినహాయింపు సంగతి కూడా తమ్ముడే ముందుగా చెప్పేస్తే మంచిది, తర్వాత ఎవరో చెప్పగా తెలిస్తే దాచాడనుకుంటారు.

మీరు పంపిన రసీదు ఫోటోలో తేదీ మీద స్టాంపు పడి కనపడటం లేదు. ఉత్తరంలో ఆ తేదీ సరిగ్గా ఉండాలి. వెలుతుర్లో పెట్టి ఇంకోసారి ఫోటో తీసి పంపండి, ఉత్తరం ముసాయిదా నేను చూసిపెడతాను.